విభక్త జ్ఞానము - సమష్టి నిర్ణయము
(లక్సెట్టిపేట తాలూకా కొండభూముల చరిత్రనుండి ఒక విచారణ)

ఆంధ్ర మహాభారతమున ఉద్యోగపర్వమందు తిక్కన సోమయాజి శ్రీకృష్ణునిచేత కౌరవసభలో పలికించిన నీతి తెలుగువారికి సుపరిచితము. ధర్మమునకును సత్యమునకును హాని కలుగుచుండగా, వారింప సమర్థులై యుండియు ఉపేక్షించువారికే ఆ చేటు చుట్టుకొనునని దాని తాత్పర్యము. అంతకు పూర్వమే సభాపర్వమున ద్రౌపది ప్రశ్నకు పెద్దలందఱు మౌనము వహింపగా వికర్ణుడు నోరు విప్పెను. మన పూర్వులు సభాదోషమును విచారించినపుడు ప్రధానముగా ఎదుట నిలిపినది ఈ మౌనమునే. అనగా తెలిసినవాడు చెప్పకుండుటను.

కాని సభలు చెడుటకు ఇదియొక్కటియే కారణము కాదు. తెలిసినవాడు సభలోనే లేకపోవచ్చును. ఉన్నను, తనకు తెలిసినది అందఱికిని తెలిసినదే యనుకొని ఊరకుండవచ్చును. చెప్పినను, వినువారి భాషలో ఆ మాటకు సరియైన మాట లేకపోవచ్చును. విన్నను, దానిని వ్రాసికొనుటకు దఫ్తరములో గడి లేకపోవచ్చును. ఇట్టి సందర్భములలో పాపియని వేలెత్తి చూపుటకు ఒక్కడును దొరకడు. అయినను నిర్ణయము తప్పిపోవును, దాని ఫలమును ఎవరో అనుభవింతురు. పదిమంది వద్ద ముక్కలుగా నున్న తెలివి ఒకచోట కూడకపోవుటను మేమీ వ్యాసమున 'విభక్త జ్ఞానము' అని వ్యవహరింతుము. అజ్ఞానము వేఱు, విభక్త జ్ఞానము వేఱు. మొదటిదానియందు తెలిసినవాడే లేడు. రెండవదానియందు అన్నియు తెలిసియే యున్నవి. అన్నియు తెలిసిన చోటు మాత్రము లేదు.

ఈ విషయమును మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరిశీలించిరి. చరిత్ర విద్యార్థికి ప్రయోగశాల లేదు గాని ప్రాంతము కలదు. ఉత్తర తెలంగాణమున లక్సెట్టిపేట తాలూకాను, దానిని ఆనుకొనియున్న ఆసిఫాబాదు, ఉట్నూరు అడవులను మేము ఉదాహరణముగా గ్రహించుచున్నాము. అచ్చటి కొండభూములపై గత శతాబ్దమున జరిగిన నిర్ణయముల చరిత్ర, తెలిసిన విషయము నిర్ణయము దాక ఏల చేరదను ప్రశ్నకు స్పష్టమైన సమాధానము నీయగలదని మా విశ్వాసము.

1

లక్సెట్టిపేట గోదావరి ఉత్తరపు గట్టునగల పాత తాలూకా కేంద్రము. నదికి ఆవల కరీంనగరు సీమ. 1905 వఱకు ఈ తాలూకా చెన్నూరు తాలూకాతోపాటు ఎలగందల జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున సిర్పూరు-తాండూరు ఉపజిల్లాను విస్తరించి ఆదిలాబాదు జిల్లాను ఏర్పఱచినపుడు, నదికి ఉత్తరముననున్న ఈ రెండు తాలూకాలును క్రొత్త జిల్లాలో చేర్పబడెను. 2016 అక్టోబరు 11వ తేదీన జరిగిన పునర్విభజనమున లక్సెట్టిపేట మంచిర్యాల జిల్లాలో భాగమయ్యెను.

పాత తాలూకాకు రెండు ముఖములు. నది వెంబడి వరిపొలములు, తెలుగు రైతుల ఊళ్ళు, సంతలు, కచ్చేరి. ఉత్తరమునకు పోను పోను దండేపల్లి, జన్నారము ప్రాంతములు దాటి సహ్యాద్రి కొండల అడవి. ఆ అడవిలో గోండులు, కోలాములు, నాయకపోడులు, గోండుల వంశచరిత్రలను గానము చేయు పరధానులు నివసింతురు. ఈ రెండు ముఖముల నడుమ దూరము కొన్ని ఆమడలే. కాని కచ్చేరిలో నున్న తెలివికిని కొండపైనున్న తెలివికిని నడుమ దూరము అంతకంటె మిక్కిలి ఎక్కువ.

గోండుల సేద్యపద్ధతిని తెలిసికొననిదే తరువాతి కథ బోధపడదు. లోయలలోని నల్లరేగడిలో వారు యాసంగి జొన్న వేయుదురు. మెట్టలమీది తేలికనేలలో వానకాలపు పంటలు పండింతురు. తేలికనేల కొన్ని ఏండ్లు పండిన పిమ్మట బలము తగ్గును. అపుడు దానిని విడిచి వేఱొక తునకను దున్నుదురు. విడిచిన తునక కొన్ని ఏండ్లు పొదలు మొలిచి విశ్రాంతి గొని మరల నాగలికి వచ్చును. ఊరు ఊరే స్థలము మార్చుటయు కలదు. కనుక ఒక సంవత్సరమున ఒక గోండు కుటుంబము దున్నుచున్న నేల, ఆ కుటుంబమునకు చెందిన నేలలో ఒక భాగము మాత్రమే. తక్కిన భాగము చూచువారికి అడవివలె కనబడును. అది ఎవరి చేనో, ఎన్నడు విడిచిరో, మరల ఎన్నడు దున్నుదురో ఊరిలో పసిపిల్లవానికిని తెలియును. ఊరి వెలుపల ఒక్కరికిని తెలియదు.

ఇచ్చట ఒక పదమును గూర్చి చెప్పవలసియున్నది. తెలంగాణపు రైతు భాషలో దున్నక విడిచిన నేలను 'పడావు' అందురు. పడావు పడిన చేనికి యజమాని కలడు. చేను పడుకొన్నది, అంతియే. 'బంజరు' అనునది వేఱు మాట. ఆ మాట వినగానే యజమాని లేని నేల, సర్కారు నేల యను భావము కలుగును. కొండమీద పడావుగా నున్నది కచ్చేరికి చేరుసరికి బంజరుగా మాఱెను. ఈ ఒక్క పదము మార్పులోనే ఒక జాతి భూచరిత్ర యంతయు ఇమిడియున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

2

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో నిజాము ప్రభుత్వము ఈ కొండలపై రెండు పనులను ఏకకాలమున సాగించెను. ఒకటి, అడవులకు హద్దులు గీచి రక్షితారణ్యములుగా నిర్ణయించుట. రెండు, సేద్యమునకు అనువైన నేలలకు పట్టాలిచ్చి శిస్తు పెంచుకొనుట. మొదటిది జంగ్లాతు శాఖ పని, రెండవది మాలు శాఖ పని. శాంతిభద్రతలు పోలీసుల పని.

ఈ మూడు శాఖలవద్దను నిజమైన తెలివియే కలదు. ఏ కొండపై ఏ కలప యున్నదో, ఎచ్చట నఱకుడు ఎక్కువగా నున్నదో జంగ్లాతు వారికి తెలియును. ఎవనికి పట్టా కలదో, ఎవడు పట్టా లేకయే 'శివాయి జమాబందీ' క్రింద ఏటేట శిస్తు కట్టి దున్నుచున్నాడో పట్వారీ లెక్కలో కలదు. ఏ ఊరిలో జనము గుమిగూడుచున్నారో పోలీసులకు తెలియును. ఊరివారికి తమ పడావు భూముల చరిత్ర తెలియును. ఈ నాలుగు ముక్కలను ఒకచోట పరచినచో, హద్దు గీయుచున్న రేఖ సేద్యపు ఊళ్ళ నడుమనుండి పోవుచున్నదని ఎవరికైనను బోధపడియుండెడిది. కాని రేఖ గీచువాడు చూచినది అడవి. వాని కంటికి పడావు అడవియే. పట్టా ఇచ్చువాడు చూచినది దరఖాస్తు. దరఖాస్తు పెట్టుట ఎఱిగినవాడు మైదానమునుండి క్రొత్తగా వచ్చిన షావుకారు గాని, రైతు గాని. గోండు దరఖాస్తు పెట్టలేదు. తాతలనాటి చేనికి దరఖాస్తు ఏల పెట్టవలెనో వానికి తెలియలేదు.

శివాయి జమాబందీ యను పద్ధతిని కొంచెము నిదానించి చూడవలెను. శిస్తు చెల్లించుచున్నాడు గనుక సర్కారు తన హక్కును అంగీకరించెనని గోండు తలంచెను. సర్కారు దృష్టిలో అది ఆ యేటి దున్నకమునకు ఇచ్చిన తాత్కాలికపు సెలవు మాత్రమే. ఇద్దఱును ఒకే రసీదును పట్టుకొనియున్నారు, ఇద్దఱును భిన్నములైన అర్థములను చదువుకొనుచున్నారు. ఎదుటివాడు తన అర్థమునే గ్రహించెనని ఇద్దఱును నమ్మిరి. కావున విచారించుకొనవలసిన అవసరము ఇరువురికిని తోచలేదు. సమాచారము పంచుకొనబడకపోవుటకు మొదటి కారణ మిదియే: పంచుకొనవలసినది ఒకటి కలదను స్పృహయే లేకపోవుట.

రెండవ కారణము భాష. ఉత్తరపు కొండలలో ఇంటిభాష గోండీ, కోలామీ. సంతభాష దక్షిణమున తెలుగు, పడమట మరాఠీ. దఫ్తరపు భాష ఉర్దూ. పై అధికారి ఆంగ్లమున చదువును. గోండు చెప్పిన మాట గోండీనుండి తెలుగునకో మరాఠీకో, దానినుండి ఉర్దూకు, ఒక్కొక్కపుడు ఉర్దూనుండి ఆంగ్లమునకు ప్రయాణము చేయవలెను. ప్రతి మజిలీయందును వ్రాయువాడు తనకు ముందే తెలిసిన భాగమును నిలుపుకొని, తెలియని భాగమును జాఱవిడుచును. ఇది దుర్బుద్ధి కాదు, అనువాదమున సహజమే. కాని ఫలితము చూడుడు. మజిలీ మజిలీకి మిగిలినది సర్కారునకు పూర్వమే తెలిసిన విషయము, పోయినది క్రొత్త విషయము. వినవలసినదే వినబడలేదు.

మూడవ కారణము తరతమభావము. గ్రామపు పట్లా చౌకీదారు ఎదుట, చౌకీదారు అమీను ఎదుట, అమీను తహసీల్దారు ఎదుట నిలుచుండి మాటాడవలెను. పై వానికి ఇష్టము కాని మాట చెప్పిన నష్టము చెప్పినవానిది. చెప్పక దాచిన నష్టము ఎవరిదో దూరస్థునిది. ఇట్టి లెక్కలో మౌనమే గెలుచును.

3

ఫలితము 1940లో ఆసిఫాబాదు అడవులలో బైటపడెను. రక్షితారణ్యములోపల దున్నుచున్నారని ఊళ్ళను ఖాళీ చేయించుట, గుడిసెలను తగులబెట్టుట జరుగగా, బాబెఝరి, జోడెఘాటు పరిసరపు గోండులు కొమరం భీము నాయకత్వమున ఎదిరించిరి. అంతకు పూర్వము వారు అర్జీలు పెట్టుకొనియుండిరి. భీము ఫిర్యాదు చేసికొనుటకు హైదరాబాదు వఱకు పోయెనని జనశ్రుతి. పోలీసు కాల్పులలో భీముతోపాటు పలువురు గోండులు మరణించిరి. జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలు ఆయన పేరుతో నేటికిని జనుల నోట నిలిచియున్నవి.

ఆ పిదప ప్రభుత్వము కారణములను విచారింపబూనెను. ఈ విచారణకు నియుక్తుడైన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున శత్రుదేశీయుడుగా పరిగణింపబడి హైదరాబాదు రాజ్యపు ఎల్లలలోనే ఉండిపోవలసివచ్చిన విద్వాంసుడు. మాలు శాఖను నిర్వహించుచుండిన డబ్ల్యూ. వి. గ్రిగ్సన్, బస్తరు మాడియా గోండులపై గ్రంథము రచించినవాడగుటచే, ఆయనకు అండగా నిలిచెను. హైమెండార్ఫ్ మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని కాపురముండెను. ఆయన నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' అను పేర వెలువడినవి. 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథము వెలువడెను.

ఆ నివేదికలలో ఊరికి క్రొత్త సంగతి యేదియు లేదనుట మా ముఖ్యాభిప్రాయము. అందలి విషయములన్నియు ఊరివారికో, పట్వారీకో, చౌకీదారునకో ముందే తెలిసినవి. హైమెండార్ఫ్ చేసినది వాటిని ఒక్క కాగితముపై ప్రక్క ప్రక్కన పెట్టుట. హద్దు రేఖ, పట్టా లెక్క, పడావు చరిత్ర, అప్పుల కథ - ఇవి వేఱువేఱుగా నున్నంతకాలము ఒక్కొక్కటి చిన్న ఫిర్యాదు. కలిపి చూచినపుడు అవి ఒకే అన్యాయమునకు నాలుగు అంగములు. ఒక వ్యక్తి ఊరిలో కాపురముండి, ఊరిభాష మాటాడి, అదే సమయమున రాజధానిలో మంత్రితో మాటాడగలిగెను. ముక్కలు కూడిన చోటు మొదటిసారి ఏర్పడెను.

దాని ఫలము ప్రత్యక్షమే. పట్టాల పంపిణీ ఆరంభమయ్యెను. 1940 తరువాతి దశకమున 11,198 మంది గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరముల భూమి లభించెనని హైమెండార్ఫ్ లెక్క చెప్పెను. 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసెను. గోండీలో వాచకములు దేవనాగరి లిపిలో సిద్ధమైనవి. ఈ కార్యక్రమమున పాల్గొన్న అధికారి సేతుమాధవరావు పగడీ గోండీ, కోలామీ భాషలకు వ్యాకరణములు రచించెను. ఎమెనో పండితుడు 1955లో ప్రకటించిన కోలామీ గ్రంథమునకు పగడీ సేకరించిన సామగ్రి తోడ్పడెను. ద్రావిడభాషల అధ్యయనమున మనము నేడు తఱచు పేర్కొను ఈ గ్రంథముల వెనుక ఒక భూమి తగాదా కలదనుట మన విద్యార్థులు మఱవరాని విషయము. భాషను నేర్చుట ఇచ్చట పాండిత్యము కొఱకు మాత్రమే కాదు. తెలిసినవాని మాట వినుటకు.

4

ఇపుడు ప్రయోగశాలవైపు చూతము. 1985లో అమెరికాలో గారొల్డ్ స్టాసర్, విలియమ్ టైటస్ అను పరిశోధకులు ఒక చిన్న పరీక్షను ప్రకటించిరి. నలుగురేసి విద్యార్థులు గల బృందములకు ముగ్గురు అభ్యర్థుల వివరములిచ్చి, ఒక పదవికి తగినవానిని ఎన్నుకొనుడని కోరిరి. వివరములన్నియు అందఱికిని ఇచ్చినపుడు నూటికి 83 బృందములు ఉత్తముడైన అభ్యర్థినే ఎన్నుకొనెను. అవే వివరములను ముక్కలుచేసి, అతని సద్గుణములలో కొన్ని ఒకనికి, కొన్ని మఱొకనికి తెలియునట్లు పంచినపుడు అతనిని ఎన్నుకొన్న బృందములు నాలుగవవంతునకు మించలేదు. నలుగురును కలిసి మాటాడుకొనుటకు అడ్డమేదియు లేదు. అబద్ధమాడవలసిన పనియు లేదు. అయినను వారు అందఱికిని తెలిసిన సంగతులనే మరల మరల చెప్పుకొని, ఒక్కరికే తెలిసిన సంగతిని వెలికి తీయలేదు. 2012లో ఇట్టి 65 అధ్యయనములను కూర్చి చూచిన పరిశోధకులు, ముక్కలుగా పంచిన బృందములు సరియైన సమాధానమును చేరుట, అన్నియు తెలిసిన బృందములకంటె ఎనిమిది రెట్లు అరుదని తేల్చిరి.

కారణము గ్రహించుట కష్టము కాదు. నలుగురికి తెలిసిన మాటను ఎత్తుటకు నలుగురు కలరు. ఒక్కనికి తెలిసిన మాటను ఎత్తుటకు ఒక్కడే కలడు. నలుగురికి తెలిసిన మాటను ఎత్తగానే తక్కినవారు తల ఊపుదురు. చెప్పినవాడు బుద్ధిమంతుడని పేరు పొందును. ఒక్కనికే తెలిసిన మాట ఎత్తినపుడు తల ఊపువాడు లేడు. చెప్పినవాడే సందేహమునకు గురియగును. అదియునుగాక, సభకు రాకముందే ప్రతివాడును తన ముక్కను బట్టి ఒక అభిప్రాయము ఏర్పఱచుకొని వచ్చును. సభ వాని దృష్టిలో అభిప్రాయముల పోటీ. తెలివిని కూర్చుకొను చోటు కాదు.

లక్సెట్టిపేట కచ్చేరిని ఈ పరీక్షతో పోల్చి చూచిన ఒక తేడా కనబడును. పరీక్షలోని నలుగురు సమానులు, ఒకే భాష వారు, ఒకే గదిలోని వారు. వారిలో ఎవరికిని లాభనష్టములు లేవు. అంత అనుకూలమైన స్థితిలోనే తెలివి కూడదనిన, నాలుగు భాషల నడుమ, నాలుగు అంతస్తుల నడుమ, నది కొకవైపు దఫ్తరము, కొండ కొకవైపు సాక్షి యున్నపుడు కూడునని ఆశించుట ఎట్లు?

ఇచ్చట ఒక ఆక్షేపణను ఎదుర్కొనక తప్పదు. 'ఇదంతయు సమాచారలోపమని చెప్పుట దోషులను తప్పించుట కాదా? పట్టా పొందిన షావుకారునకు, లంచము గొన్న చిల్లర ఉద్యోగికి సత్యము తెలియును. వారు కావలెననియే దాచిరి' అని అడుగవచ్చును. ఆక్షేపణ న్యాయమైనది. స్వార్థపు మౌనము ఉన్నదని మేమును అంగీకరించుచున్నాము. కాని స్వార్థపరుడు దాచుట యొక్కటే చాలదు. వానికి దాచుట సాధ్యము కావలెనన్న, దాచినదానిని వేఱొకడు బైటపెట్టు దారి మూసికొనియుండవలెను. పట్వారీ ఒక గడిని పూరింపకున్నను, ఊరి పెద్ద నోటి సాక్ష్యమునకు విలువ కలదనిన ఆ మోసము నిలువదు. స్వార్థము దొంగ, విభక్త జ్ఞానము తాళములేని ఇల్లు. దొంగను శిక్షింపవలెను, నిజమే. కాని ఇల్లు అట్లే విడిచినచో మఱియొక దొంగ వచ్చును. తరువాతి చరిత్ర దీనినే నిరూపించినది.

5

1950లో రాష్ట్రపతి ఉత్తరువు ద్వారా హైదరాబాదు రాష్ట్రపు షెడ్యూల్డు ప్రాంతములు ప్రకటింపబడినవి. లక్సెట్టిపేట తాలూకాలో గూడెము, కాసిపేట, దండేపల్లి, కవ్వాలు, దేవాపూరు, మందమఱ్ఱి మున్నగు ఊళ్ళ పేర్లు ఆ జాబితాలో కలవు. తాలూకా అంతయు చేరలేదు. పేర్కొన్న ఊళ్ళు మాత్రమే చేరినవి. కనుక రక్షణ యంతయు ఊరి పేరుపై ఆధారపడియున్నది. ఆ జాబితాలో వేంకటాపూర్ అను పేరు రెండుమార్లు కనబడును. స్థానికునికి ఇది చిక్కు కాదు. ఏ వేంకటాపూరు ఎచ్చట నున్నదో అతడెఱుగును. కాని కాగితమును మాత్రమే చూచు వానికి రెండవ పేరు ఒక ఊరో, వ్రాతలో దొర్లిన పునరుక్తియో తెలియదు. గోండు గూడెములు స్థలము మార్చుకొను అలవాటుగలవి. రెవిన్యూ గ్రామపు పేరు మాఱదు. మనుష్యుల హక్కును పేరుతో ముడివైచినపుడు, ఆ పేరును చదువగల స్థానికుని తెలివిని కూడ కాగితముతోపాటు భద్రపఱుపవలెను. అది జరుగలేదు.

1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963 డిసెంబరు 1నుండి తెలంగాణమునకు వర్తించెను. 1970లో దానిని మఱింత బిగించి, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుల నడుమ బదలాయింపును కూడ నిషేధించిరి. చట్టము గట్టిదే. అయినను 1970 తరువాతి దశకమున మరల ఆదిలాబాదునకు వచ్చిన హైమెండార్ఫ్, తమ కాలమున పట్టాలు పొందిన గోండులలో ఎందఱో భూములు కోల్పోయినట్లు గమనించి, 1982లో ప్రకటించిన గ్రంథమున విచారముతో వర్ణించెను. 1940 తరువాత సేకరించిన తెలివి గ్రంథాలయమునకు చేరెను గాని కచ్చేరికి చేరలేదు. అధికారి బదిలీ అయినపుడు అతని తెలివియు బదిలీ అగును; క్రొత్త అధికారి మరల మొదటినుండి ఆరంభించును. విభక్తి వ్యక్తుల నడుమనే కాదు, కాలముల నడుమ కూడ ఏర్పడుచున్నది.

1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో జరిగినది దీనికి దారుణమైన దృష్టాంతము. ఆనాడు సోమవారపు సంత. గిరిజనుల సభకు తొలుత లభించిన అనుమతి తరువాత రద్దయ్యెను. రద్దు వార్త పట్టణమునకు చేరెను. కొండలపై నడచి వచ్చుచున్న వారికి చేరలేదు. సంతకు వచ్చినవాడెవడో, సభకు వచ్చినవాడెవడో చెప్పుటకు వీలులేని జనసమూహముపై పోలీసులు కాల్పులు జరిపిరి. అధికారపు లెక్కలో మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘముల లెక్క అంతకు మిక్కిలి ఎక్కువ. ఆ కాల్పులకు బాధ్యత యెవరిదను విచారము వేఱు. నిషేధించువానికి నిషేధము తెలియును, నిషేధింపబడినవానికి తెలియదు. 1940లో శివాయి రసీదు విషయమున జరిగినదే 1981లో సభానుమతి విషయమునను జరిగెను.

6

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి తెలివి కూడుట అసంభవమని తలంపరాదు. ఆశ్చర్యకరమైన విషయమేమన, దీనికి ఉపాయము ఆ కొండలలోనే కలదు. గోండులు కోలాములను 'పూజారు' లని పిలుతురు. గోండులు సంఖ్యలోను సంపదలోను అధికులు, కోలాములు అల్పులు. అయినను స్థానిక దేవతల పూజలను గోండులు పలుచోట్ల కోలాము పూజారిచేతనే చేయింతురు. ఈ కొండతోడి బాంధవ్యము, ఈ నేల సంగతి వానికి మిక్కుటముగా తెలియునని వారి నమ్మకము. అట్లే వంశచరిత్రను చెప్పవలసినవాడు పరధాను. గోండు పెద్ద ఎంతటివాడైనను ఆ సమయమున కూర్చుండి వినవలసినదే. దీనిలోని సూక్ష్మమును గమనింపుడు. తెలిసినవాడు తనంతట సాహసించి నోరు విప్పవలెనని ఆ సమాజము ఎదురుచూడలేదు. వానికి ముందే ఒక స్థానమిచ్చెను. వాడు రానిదే, పలుకనిదే కార్యము సాగదు.

స్టాసర్ మున్నగువారు తరువాతి కాలమున చేసిన ప్రయోగములును ఇట్టి ఫలితమునే ఇచ్చినవి. ఎవరికి ఏ విషయమున ప్రత్యేకజ్ఞానము కలదో ముందుగనే బృందమునకు తెలియజెప్పినపుడు, ఆ ప్రత్యేకజ్ఞానము చర్చలోనికి ఎక్కువగా వచ్చినది. కొండసమాజము పూజావిధిలో నిలుపుకొన్న సూత్రమును శాస్త్రజ్ఞులు ప్రయోగమున కనుగొనిరి.

2006 నాటి అటవీహక్కుల చట్టమునకు చారిత్రకముగా గల ప్రాముఖ్యము ఇచ్చటనే యున్నదని మాకు తోచుచున్నది. దాని క్రింద 2008లో వెలువడిన నియమములు, హక్కునకు సాక్ష్యములను పేర్కొనుచు, దరఖాస్తుదారుడు గాక ఇతర పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలమును కూడ ఒక సాక్ష్యముగా అంగీకరించినవి. హక్కుల నిర్ణయము గ్రామసభయందు ఆరంభము కావలెనని విధించినవి. పడావు చేను ఎవరిదో తెలిసిన ముసలివాడు దఫ్తరములో మొదటిసారిగా సాక్షి యయ్యెను. ఆ గడి ఎంత చక్కగా పూరింపబడుచున్నదనునది వేఱు ప్రశ్న. గడి యేర్పడుటయే ఒక మలుపు.

అయితే గడులు ఏర్పడినట్లే మాయమగుటయు కలదు. తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూవివాదములలో ముందుగా తెఱచు పుస్తకము. ఆ యేట నేల ఎవరి అనుభవమున నున్నదో అందు వ్రాయబడియుండుటయే దాని విలువ. 2020లో ధరణి విధానము వచ్చినపుడు 'అనుభవదారు' అను గడి భూరికార్డునుండి తొలగింపబడెను. పట్టాదారు ఎవరో నిలిచెను, దున్నువాడెవడో పోయెను. దానిపై వచ్చిన విమర్శల అనంతరము 2025లో ఆ చట్టపు స్థానమున భూభారతి చట్టము వచ్చెను. లెక్కలు కాగితమునుండి యంత్రమునకు మాఱినంతమాత్రమున విభక్త జ్ఞానము ఏకము కాదు. యంత్రమున గడి లేనిచో, ఊరందఱికి తెలిసిన విషయమును చేర్చు మార్గము యంత్రమునకును లేదు.

7

ఇప్పటికి తేలిన అంశములను సంగ్రహింతము. సమూహములు తమయందే యున్న తెలివిని వినియోగించుకొనలేకపోవుటకు మేము నాలుగు కారణములను చూపితిమి. తనకు తెలిసినది ఇతరులకు తెలియదను స్పృహ లేకపోవుట. భాషాంతరమున క్రొత్త విషయమే ముందుగా జాఱిపోవుట. క్రిందివాడు పైవానికి ఇష్టముగాని మాట చెప్పలేకపోవుట. వ్రాతపుస్తకములో ఆ విషయమునకు గడి లేకపోవుట. ఈ నాలుగింటికిని మందు ఒక్కటియే కాదు గాని, అన్నింటికిని మూలమొక్కటి: ఎవరు వచ్చి పలుకవలెనో ముందుగా విచారింపక, వచ్చినవారు పలికినదే సత్యమని నిర్ణయించుట.

తిక్కన చెప్పిన నీతి తెలిసియు చెప్పనివారికి. దానిని మేము కాదనుట లేదు. లక్సెట్టిపేట కొండల చరిత్ర దానికి ఒక ఉత్తరార్ధమును చేర్చుచున్నది. అది అడుగవలసి యుండియు అడుగనివారికి వర్తించును. ద్రౌపది సభకు వచ్చి ప్రశ్నించెను. సభ వినెను, ఉత్తరమీయలేదు. గోండు సభకు రాలేదు, వానిని పిలువలేదు. మొదటి దోషమునకు పేరు కలదు గనుక మనము దానిని గుర్తింతుము. రెండవదానికి పేరు లేదు గనుక అది మరల మరల జరుగుచున్నది.

పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. ఈ తాలూకాల పాత దఫ్తరములు చాల భాగము ఉర్దూలో నున్నవి. కొండపై పెద్దల జ్ఞాపకములు గోండీ, కోలామీ భాషలలో నున్నవి. నడుమనున్నది తెలుగు. దఫ్తరమునకును జ్ఞాపకమునకును నడుమ నిలిచి రెండింటిని ఒక కాగితముపై ప్రక్క ప్రక్కన పెట్టగలవారు తెలుగు శాఖల విద్యార్థులే. పెద్దలు ఒక్కరొక్కరుగా వెడలిపోవుచున్నారు. దఫ్తరము మఱికొంత కాలము వేచియుండగలదు. పెద్దల జ్ఞాపకము వేచియుండదు. కావున పని కొండపై మొదలుపెట్టుట మంచిది.